నల్లరేగడిలో రెండు చక్రాలు చాలునా? నాలుగూ లాగాలా?
చలికాలపు సేద్యానికి ట్రాక్టర్ కొనే రైతు ముందుగా వేసుకోవలసిన లెక్కలు

మద్దికెర: దసరా నాటి గుర్రాల పరుగు ముగిసిందంటే మద్దికెర రైతుకు మరో పరుగు మొదలవుతుంది. అది పప్పుశనగ విత్తనం కోసం పరుగు. అక్టోబరు మొదలు నవంబరు నడిమి దాకా నల్లరేగడి చేలల్లో విత్తనం పడాలి. ఆ తర్వాత పెద్ద వాన వస్తుందన్న నమ్మకం లేదు. నేల కడుపులో దాగిన తేమతోనే పైరు పెరిగి, కాయ పట్టి, పంట చేతికి రావాలి.

ఆ రోజుల్లో వాన కురవకపోతే ఒక చిక్కు, కురిస్తే మరో చిక్కు. గట్టి వాన పడితే రేగడి చేను నాలుగైదు రోజులు కాలు పెట్టనివ్వదు. ఎండ కాస్తే అదే చేను బిగిసి పగుళ్ళు తీస్తుంది. బురదకూ బిగువుకూ నడుమ దొరికే పదును కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో ఊళ్ళోని ట్రాక్టర్లన్నీ తెల్లవారుజాము నుంచి పొద్దుపోయేదాకా తిరుగుతాయి. అయినా పని తెమలదు. బాడుగ ట్రాక్టర్ కోసం కాచుకున్న చిన్న రైతు చేను పదును తప్పిపోతుంది.

పెరవలి, బురుజుల, హంప వంటి ఊళ్ళు మొదలు అటు ఆదోని, ఎమ్మిగనూరు దాకా ఈ అదనులో రచ్చబండ దగ్గర వినిపించే మాట ఒకటుంది. ఈసారి కొనే ట్రాక్టర్ వెనక చక్రాలు మాత్రమే లాగే టూవీల్ డ్రైవ్ అయితే చాలునా, ముందు చక్రాలు కూడా లాగే ఫోర్‌వీల్ డ్రైవ్ కావాలా అన్నదే ఆ మాట. బ్యాంకు అప్పుతో, పొలం తాకట్టుతో కొనే బండి ఇది. కనుక ఎదురింటి వారు కొన్నారని కొనే వ్యవహారం కాదు. నేల, పని, అప్పు మూడూ ఒకచోట పెట్టి తూచవలసిన వ్యవహారం.

మంచు లేదు, బురద ఉంది

చలికాలంలో రెండు చక్రాలా, నాలుగు చక్రాలా అన్న తర్కం మన ఒక్కరిదే కాదు. అమెరికా, కెనడా వంటి మంచు దేశాల్లో కార్లు కొనేవారూ ఇదే మాట్లాడుకుంటారు. ఉద్యోగాల కోసం వెళ్ళిన మన పిల్లలు కూడా అక్కడ ఈ లెక్క వేసుకోవలసిందే. అక్కడి అనుభవం చెప్పేది ఒక్కటే. నాలుగు చక్రాలూ లాగితే బండి మంచులోంచి కదలడానికి సాయపడుతుంది. ఆపడానికి మాత్రం బ్రేకు, టైరు పట్టు తప్ప వేరే దిక్కు లేదు. అందుకే అక్కడివారు ఫోర్‌వీల్ ఉన్నా లేకపోయినా చలికాలానికి వేరే టైర్లు వేసుకుంటారు.

మన దగ్గర మంచు గడ్డలు లేవు. ఉన్నది రేగడి. ఈ మట్టిలోని సన్నని బంక పాలు నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. తడిసినప్పుడు టైరు గాళ్ళలో మైనంలా అతుక్కుంటుంది. గాళ్ళు పూడిన టైరు నున్నటి టైరుతో సమానం. ఇంజన్‌లో ఎంత సత్తువ ఉన్నా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. మంచు దేశం వారి పాఠం మనకూ వర్తిస్తుంది. బండి సత్తువ ఇంజన్‌లో పుడుతుంది గానీ అక్కరకు వచ్చేది టైరు నేలను తాకే చోటనే.

తేడా ఎక్కడుంది?

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ ఊపందుకున్న రోజుల్లో రైతులకు ఎక్కువగా అందినవి టూవీల్ బళ్ళే. 1963లో మహీంద్రావారు ఇంటర్నేషనల్ కంపెనీతో కలిసి ట్రాక్టర్ల తయారీకి ఉమ్మడి సంస్థ పెట్టారు. 1971లో హెచ్.ఎం.టి., 1974లో స్వరాజ్ వచ్చాయి. ఆ బళ్ళలో వెనక పెద్ద చక్రాలు లాగుతాయి. ముందు చిన్న చక్రాలు దారి చూపుతాయి. బండి బరువులో ఇంచుమించు మూడో వంతు, ఒక్కోసారి అంతకు కొంచెం ఎక్కువ, ముందు ఇరుసు మీద ఉంటుంది. ఆ బరువు లాగుడుకు పనికి రాదు. పైగా మెత్తటి నేలలో ముందు చక్రాలు మట్టిని తోసుకుంటూ పోవాలి కనుక కొంత సత్తువను తినేస్తాయి.

ఫోర్‌వీల్‌లో గేర్‌బాక్సు నుంచి ముందు ఇరుసుకు ఒక షాఫ్టు పోతుంది. మీట వేస్తే ముందు చక్రాలకూ లాగుడు అందుతుంది. మీట తీస్తే మామూలు టూవీల్‌లాగానే నడుస్తుంది. ముందు టైర్లు టూవీల్ బండి టైర్ల కంటే పెద్దవి, వాటికీ వెనక టైర్ల మాదిరిగా గాళ్ళుంటాయి. ముందు ఇరుసు మీది బరువు కూడా లాగుడులోకి వస్తుంది. ముందు చక్రం తొక్కి గట్టిపరచిన జాడలోనే వెనక చక్రం నడుస్తుంది కనుక దానికీ పట్టు పెరుగుతుంది.

ఇందులో మరో సంగతి ఉంది. టూవీల్ బండిలో కూడా రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ సమంగా లాగుతాయని అనుకోరాదు. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరగాలి కనుక నడుమ డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంటుంది. ఒక చక్రం బురదలో జారితే ఆ అమరిక వల్ల తిరుగుడంతా జారే చక్రానికే పోతుంది. గట్టి నేల మీదున్న చక్రం ఊరకే నిలబడుతుంది. కాడిలో ఒక ఎద్దు కాలు జారితే రెండో ఎద్దు ఎంత గట్టిదైనా బండి కదలనట్టే ఇది. అందుకే ట్రాక్టర్‌కు డిఫరెన్షియల్ లాక్ పెట్టారు. కాలితో దాన్ని తొక్కితే రెండు చక్రాలూ ఒకటిగా తిరుగుతాయి. బండి తిన్నగా పోయేటప్పుడే, చక్రం జోరుగా తిరగకముందే దాన్ని తొక్కాలి. మలుపు తిప్పేముందు వదలాలి. ఈ లాక్‌ను సరిగా వాడితే టూవీల్ బండి దిగబడే సందర్భాలు చాలా తగ్గుతాయి.

నేల మారితే లెక్క మారుతుంది

అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం ప్రమాణాల్లో ఒక పట్టిక ఉంది. ఇంజన్ సత్తువ పి.టి.ఓ. దగ్గర 100 పాళ్ళు ఉందనుకుంటే, అందులో ఎన్ని పాళ్ళు డ్రాబార్ దాకా లాగుడుగా చేరుతాయో ఆ పట్టిక సుమారుగా చెబుతుంది. గట్టి నేల మీద టూవీల్‌కు 72, ఫోర్‌వీల్‌కు 77. దున్నిన నేలలో టూవీల్‌కు 67, ఫోర్‌వీల్‌కు 73. మెత్తటి నేలలో టూవీల్‌కు 55, ఫోర్‌వీల్‌కు 65.

ఈ అంకెలను మన చేలకు అన్వయించి చూద్దాం. పి.టి.ఓ. దగ్గర 40 గుర్రాల సత్తువ ఉన్న బండి అనుకుంటే, గట్టి నేలలో రెండింటికీ తేడా 2 గుర్రాలు. మెత్తటి నేలలో 22కు 26, అంటే తేడా 4 గుర్రాలు. నేల ఎంత మెత్తబడితే ఫోర్‌వీల్ అంత అక్కరకు వస్తుంది. నేల గట్టిగా ఉంటే ఆ తేడా అంతగా తెలియదు.

మద్దికెర చుట్టుపక్కల ఎర్రనేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. ఎర్రనేల నీటిని త్వరగా దించుకుంటుంది. వాన వెలిసిన మరునాడో మూడోనాడో కల్టివేటర్ దిగవచ్చు. వేరుశనగ, ఆముదం, కంది వేసే ఎర్రనేల రైతుకు టూవీల్ చాలు. రేగడిలోనూ పదును చూసి కల్టివేటర్, విత్తే గొర్రు తోలేవారికి టూవీల్‌తో పని జరుగుతుంది. రేగడిలో రివర్సిబుల్ మడకతో లోతు దుక్కి చేసేవారికి, పెద్ద రోటవేటర్ తిప్పేవారికి తేడా బాగా తెలుస్తుంది.

తుంగభద్ర దిగువ కాలువ కింద ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం, కోసిగి ప్రాంతాల్లో వరి మళ్ళున్నాయి. అక్కడ దమ్ము చేయడమంటే నిలువ నీటిలో నడవడమే. అక్కడ కేజ్ వీల్స్ తప్పవు. ఫోర్‌వీల్ అయితే బండి మడిలో తేలికగా మెసలుతుంది. వర్షాధారపు మద్దికెర చేలకూ కాలువ కింది మళ్ళకూ ఒకే బండి మంచిదని చెప్పడం పొరపాటు.

చేలోనే తూచవచ్చు

మన బండి ఎంత జారుతున్నదో తెలుసుకోవడానికి మిషన్లు అక్కరలేదు. ఒక సుద్దముక్క, ఒక టేపు చాలు. వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టాలి. గొర్రు పైకెత్తి, అదే చేలో టైరు పది చుట్లు తిరిగేదాకా నడిపి ఆ దూరం కొలవాలి. తర్వాత గొర్రు దించి, పని చేస్తూ మళ్ళీ పది చుట్లు నడిపి కొలవాలి. మొదటిసారి 40 మీటర్లు వచ్చి, రెండోసారి 34 వస్తే 6 మీటర్లు జారింది. అంటే నూటికి 15 పాళ్ళు. రెండోసారి 30 వస్తే నూటికి 25 పాళ్ళు.

చేలో నూటికి 8 నుంచి 15 దాకా జారుడు మామూలే. అసలే జారకపోతే బండికి బరువు ఎక్కువైందని అర్థం. 20 దాటితే మాత్రం డీజిల్, టైరు రెండూ కరిగిపోతున్నట్టే. నూటికి 12 పాళ్ళు జారే బండి గంటలో చేసే పనికి, 25 పాళ్ళు జారే బండికి గంటా పది నిమిషాలు పడుతుంది. ఇంజన్ తిరిగేది అంతే, డీజిల్ కాలేది అంతే, చేను మాత్రం సాగదు.

ఈ కొలత వేయకుండా పాత బండిని తీసిపారేసి ఫోర్‌వీల్‌కు పోవడం తొందరపాటు. చాలా బళ్ళలో జారుడుకు కారణం అరిగిన టైర్లు, తగినంత బరువు లేకపోవడమే.

ముందు నీళ్ళు నింపి చూడండి

వెనక టైర్లలో నీళ్ళు నింపడం పాత చిట్కా, ఇప్పటికీ చవకైన చిట్కా. మూడు వంతుల మేర నీళ్ళు నింపి, మిగతాది గాలి పెడతారు. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే 13.6–28, 14.9–28 సైజుల్లో ఒక్కో టైరుకు సుమారు 180 నుంచి 230 లీటర్లు పడతాయి. రెండు టైర్లకూ కలిపి నాలుగు క్వింటాళ్ళ దాకా బరువు వెనక ఇరుసు మీద పడుతుంది. ఖర్చు ఏమంత ఉండదు. దీనికి తోడు ఇనుప బరువు దిమ్మెలు ఉన్నాయి. వెనక బరువైన పనిముట్టు తగిలించినప్పుడు ముందు దిమ్మెలు పెట్టకపోతే ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు.

గాలి విషయంలోనూ ఏమరుపాటు కనిపిస్తుంది. ట్రాలీ తోలేటప్పుడు పెట్టిన గట్టి గాలితోనే చేలోకి దిగుతారు. గాలి బిగిసిన టైరు నేలను తక్కువగా తాకుతుంది, తొందరగా దిగబడుతుంది. చేలో ఎంత, రోడ్డు మీద ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ ప్రకారం మార్చుకోవాలి. టైరు, నీళ్ళు, గాలి, లాక్ నాలుగూ సరిచేసుకున్నాక కూడా జారుడు 20 దాటితే అప్పుడు ఫోర్‌వీల్ మాట ఆలోచించవచ్చు.

అప్పు లెక్క

ఒకే కంపెనీ, ఒకే సత్తువ బండికి ఫోర్‌వీల్ అయితే మోడల్‌ను బట్టి సుమారు లక్ష నుంచి రెండు లక్షల దాకా ఎక్కువ పడుతుంది. నడుమన 1,50,000 అనుకుందాం. ఆ అదనపు సొమ్ము నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీతో, అయిదేళ్ళ గడువుతో, ఆరు నెలలకొక కంతు చొప్పున తీసుకుంటే కంతుకు సుమారు 20,400 కట్టాలి. ఏడాదికి 40,800. అయిదేళ్ళకు 2,04,000. ముందు రెండు చక్రాలకు లాగుడు వచ్చినందుకు కట్టే ధర ఇది.

ఇది ఎలా పూడుతుంది? మొదటిది డీజిల్ ఆదా. ఏడాదిలో టూవీల్‌తో 210 గంటలు పట్టే బరువైన పని, జారుడు తగ్గి 180 గంటల్లో తెమిలితే 30 గంటలు మిగులుతాయి. గంటకు నాలుగైదు లీటర్ల లెక్కన 120 నుంచి 150 లీటర్లు. లీటరు 100 రూపాయలు వేసుకుంటే 12,000 నుంచి 15,000. అంటే కంతులో మూడో వంతు పూడింది. మిగిలిన 27,000 బాడుగ మీద రావాలి. డీజిలు, డ్రైవరు కూలి పోను గంటకు 300 మిగులుతుందనుకుంటే టూవీల్‌కు దొరకని పని మరో 90 గంటలు దొరకాలి.

గమనించవలసింది ఆ చివరి మాట. మామూలు పని టూవీల్‌కూ దొరుకుతుంది. ఫోర్‌వీల్ అయినందువల్లనే అదనంగా దొరికే పని ఎంత అన్నదే లెక్క. ఊళ్ళో లోతు దుక్కులు, రోటవేటర్ పనులు బాగా ఉండి, ఏడాది పొడుగునా బాడుగకు తిరిగేవారికి ఈ 90 గంటలు పెద్ద విషయం కాదు. సొంత పదెకరాలు చేసుకుని, మిగతా రోజులు బండిని చెట్టు కింద నిలిపేవారికి మాత్రం ఆ కంతు శనగ అమ్మిన డబ్బులోంచే పోవాలి. వాన తప్పిన ఏట అదీ ఉండదు. ఈ అంకెలు ఉదాహరణకే. ఎవరి వడ్డీ, ఎవరి బాడుగ వారు వేసుకుని చూసుకోవాలి.

అయిదెకరాల లోపు రైతుకు రెండింట్లో ఏదీ కొనకపోవడమే మేలు కావచ్చు. పదిమంది కలిసి సంఘంగా తీసుకునే పద్ధతి ఉంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం రైతు సంఘాలకు 40 శాతం రాయితీతో ట్రాక్టర్లు, పనిముట్లు ఇచ్చింది. వ్యవసాయ యాంత్రీకరణకు కేంద్ర పథకం 2014–15 నుంచి ఉంది. అందులో టూవీల్, ఫోర్‌వీల్ బళ్ళకు రాయితీ పరిమితులు వేర్వేరుగా ఉన్నాయి. ఏ ఏడాది ఏ పనిముట్టుకు రాయితీ ఉన్నదీ రైతు సేవా కేంద్రంలో కనుక్కున్న తర్వాతనే డీలరు దగ్గరకు పోవాలి.

టూవీల్‌కు ఉన్న సుగుణాలు

ఫోర్‌వీల్ వచ్చినంత మాత్రాన టూవీల్ పాతబడిపోలేదు. దాని ముందు టైరు సన్నగా ఉంటుంది. పత్తి, కంది సాళ్ళ నడుమ అంతరసేద్యం చేసేటప్పుడు మొక్కను తొక్కదు. తక్కువ చోటులో మలుపు తిరుగుతుంది, చిన్న చెక్కల్లో గట్ల దగ్గర పని సులువవుతుంది. బరువు ఒకటి రెండు క్వింటాళ్ళు తక్కువ. ముందు ఇరుసులో గేర్లు, సీళ్ళు, నూనె బెడద లేదు. ఏ ఊరి మెకానిక్ అయినా బాగుచేస్తాడు. పత్తిని ఆదోని మార్కెట్టుకు, టమోటాను పత్తికొండకు ట్రాలీలో తోలే రైతుకు తారు రోడ్డు మీద ముందు లాగుడుతో పని లేదు.

ఫోర్‌వీల్‌కు ముందు ఇరుసు నూనె ఎప్పటికప్పుడు చూడాలి. సీలు పోతే బురద లోపలికి చేరి గేర్లు తింటుంది. ముందు టైర్ల సైజుకూ వెనక టైర్ల సైజుకూ కంపెనీ ఒక పొంతన పెట్టి ఉంటుంది. ముందు చక్రాలు వెనకవాటి కంటే కొద్దిపాటి ముందడుగులో తిరిగేలా అమర్చి ఉంటారు. చవకగా దొరికిందని వేరే సైజు టైరు వేస్తే ఆ పొంతన చెడి ఇరుసు మీద భారం పడుతుంది. సెకండ్‌హ్యాండ్ ఫోర్‌వీల్ కొనేవారు ముందుగా చూడవలసింది ఇదే.

రోడ్డెక్కితే మీట తీయాలి

చేలో పని ముగించి రోడ్డెక్కాక ముందు లాగుడు మీట తీయకుండా తోలడం కొందరికి అలవాటు. గట్టి రోడ్డు మీద టైరు జారడానికి వీలుండదు. ముందు చక్రాల ముందడుగు ఎటూ పోలేక గేర్లను, షాఫ్టును మెలిపెడుతుంది. ముందు టైర్లు త్వరగా అరుగుతాయి, డీజిలు ఎక్కువ కాలుతుంది. చేలోకి దిగేటప్పుడు మీట వేయడం, రోడ్డెక్కగానే తీయడం డ్రైవరుకు అలవాటు చేయాలి. బరువైన ట్రాలీతో ఏటవాలు మట్టి దారి దిగేటప్పుడు మాత్రం మీట వేసి ఉంచితే ముందు చక్రాలూ బండిని పట్టి ఉంచడానికి సాయపడతాయి.

ఫోర్‌వీల్ ఉందన్న ధీమాతో పొంగే వంకలో బండి దించడం ప్రాణాంతకం. నీటి వరవడి టైర్లను పైకి లేపుతుంది. తేలిన చక్రం రెండైనా ఒకటే, నాలుగైనా ఒకటే. వంక తగ్గేదాకా ఆగడం తప్ప మార్గం లేదు.

దిగబడినప్పుడు ప్రాణం ముఖ్యం

ట్రాక్టర్ దిగబడినప్పుడు జరిగే ప్రమాదాలే ఘోరమైనవి. వెనక చక్రాలు గుంతలో ఇరుక్కుని కదలనప్పుడు ఇంజన్ సత్తువ చక్రాన్ని తిప్పలేక బండినే ముందు నుంచి పైకి లేపుతుంది. ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. డ్రైవరుకు దూకే వ్యవధి ఉండదు.

అందుచేత కొన్ని పనులు ఎన్నడూ చేయరాదు. వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి తోలరాదు. గొలుసును ఇరుసుకో, పై లింకుకో తగిలించి లాగరాదు. ఎంత బరువైనా డ్రాబార్‌కే తగిలించాలి, అదీ కింది ఎత్తులోనే. చక్రం ఒక్కసారి జారితే ఆక్సిలేటర్ తొక్కుతూ పోరాదు, గుంత లోతవుతుంది తప్ప బండి లేవదు. ముందుగా పనిముట్టును, ట్రాలీని విప్పాలి. చక్రాల చుట్టూ మట్టి తవ్వాలి. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తీసే ప్రయత్నం చేయాలి. రాకపోతే గట్టి నేల మీద నిలిపిన మరో ట్రాక్టర్‌తో పొడవైన గొలుసు వేసి నిదానంగా లాగించాలి. గొలుసు దగ్గర మనుషులు, ముఖ్యంగా పిల్లలు నిలబడరాదు. తెగిన గొలుసు కత్తితో సమానం.

తొందరపడితే నేల బిగుస్తుంది

ఫోర్‌వీల్ కొన్నవారు చెప్పుకునే పెద్ద లాభం ఒక రోజు ముందే చేలోకి దిగగలగడం. అదనులో ఒక రోజు విలువ రైతుకు తెలుసు. అయితే బండి దిగగలిగిందంటే నేల సిద్ధమైందని కాదు. తడి రేగడిని బరువైన టైరు తొక్కితే మట్టిలోని సందులన్నీ మూసుకుపోతాయి. పైన గొర్రు గీతలు కనిపిస్తాయి, కింద పొర గట్టుకడుతుంది. శనగ వేరు ఆ పొర దాటలేదు. నేల కడుపులో తేమ ఉండి కూడా పైరుకు అందదు. బండి జారకపోవడం వల్ల ఈ నష్టం కంటికి కనిపించదు, కోతల వేళ దిగుబడిలో కనిపిస్తుంది.

దీనికి పెద్దల పరీక్ష ఉండనే ఉంది. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద చేయాలి. ముద్దను వేళ్ళ నడుమ నలిపితే తాడులా సాగితే ఇంకా తడి ఎక్కువ. ఎగరేసి పట్టుకున్నప్పుడు పొడిపొడిగా విడిపోతే పదును వచ్చినట్టు. చేలోకి ఎప్పుడు దిగాలో చెప్పవలసింది ఈ ముద్ద. ట్రాక్టర్‌కు ఎన్ని చక్రాలు లాగుతాయన్నది ఆ తర్వాతి మాట.

కొనేముందు చేయవలసినవి

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 8 లక్షలున్న బండికి ఇదివరకు 96,000 పన్ను పడేది, ఈ రేటున 40,000 పడుతుంది. ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో ఈ తగ్గింపు కనిపిస్తున్నదో లేదో చూసుకోవాలి. తగ్గిన 56,000ను ఫోర్‌వీల్ మీదనే పెట్టాలన్న నియమం లేదు. అప్పు తగ్గించుకోవడానికీ వాడుకోవచ్చు.

పక్కనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రైతులకు, డ్రైవర్లకు అక్కడ శిక్షణ ఇస్తారు. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర సంస్థ ఉంది. ఏ మోడల్ బరువులు పెట్టి ఎంత లాగింది, పెట్టకుండా ఎంత లాగింది, గంటకు ఎంత డీజిల్ తాగింది అన్నవి పరీక్ష నివేదికలో ఉంటాయి. ఆ నివేదిక చూపమని డీలరును అడిగే హక్కు కొనేవాడికి ఉంది. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో నేల గురించి, పనిముట్ల గురించి సలహా అడగవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది చేలో పరీక్ష. షోరూం ముందు సిమెంటు నేల మీద తోలి చూస్తే ఏమీ తెలియదు. వాన పడిన వారంలో రెండు బళ్ళూ సొంత చేలోకి తెప్పించాలి. ఒకే గొర్రు, ఒకే లోతు పెట్టి, సుద్ద గీతతో పది చుట్లు కొలవాలి. నూటికి ఎన్ని పాళ్ళు తేడా వచ్చిందో కాగితం మీద రాసుకుని, పక్కనే ఏడాది కంతు రాసుకోవాలి.

ఎర్రనేల ఎక్కువ, సొంత పని ఎక్కువ అయితే మంచి టైర్లు, నీళ్ళు నింపిన టూవీల్ చాలు. రేగడి ఎక్కువ, లోతు దుక్కులు, రోటవేటర్ బాడుగలు, కాలువ కింది దమ్ము పనులు ఉంటే ఫోర్‌వీల్ తన కంతు తాను కట్టుకుంటుంది. రెండూ కలిసిన రైతు మాత్రం పోయిన రెండు మూడేళ్ళలో జారుడు వల్ల తప్పిపోయిన పని ఎన్ని గంటలో గుర్తు చేసుకుని లెక్క కట్టాలి. ఆ గంటలు కంతుకు సరిపోతేనే నాలుగు చక్రాల వైపు మొగ్గాలి. సరిపోకపోతే పదును వచ్చేదాకా ఒక రోజు ఆగడమే లాభం. రేగడి ఎవరి కోసమూ తొందరగా ఆరదు, కంతు గడువు కూడా ఎవరి కోసమూ ఆగదు.